మొదటి ఫ్లైట్ లేటై శంషాబాద్‌లో అమెరికా ఫ్లైట్ పోతే డబ్బులు ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది రాజమండ్రి. చెల్లి పురుడికని అమ్మని డల్లాస్ పంపించాం. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి ఒక కంపెనీలో, అక్కడ్నుంచి దోహా మీదుగా డల్లాస్‌కి ఇంకో కంపెనీలో విడివిడిగా టికెట్లు తీశాను, అలా అయితే పదకొండు వేలు తగ్గింది. మధ్యలో ఆరున్నర గంటల టైం ఉంది. మొదటి ఫ్లైట్ ఐదు గంటలు లేటు, ఆపరేషనల్ రీజన్స్ అని ఒక్క మెసేజ్ వచ్చింది అంతే. అమ్మ సామాను తీసుకుని వెళ్లేసరికి రెండో వాళ్ల కౌంటర్ మూసేశారు. నో షో, అంటే ప్యాసింజర్ రాలేదు, అన్నారు. రాత్రంతా వీల్‌చైర్‌లోనే కూర్చుంది, మర్నాడు కొత్త టికెట్‌కి 94 వేలు అయ్యింది. కేసు వెయ్యొచ్చా?

జవాబు: అమ్మగారు క్షేమంగా చేరారు, ముందు అది సంతోషం అండి. కేసు వెయ్యొచ్చు, కానీ ఎవరి మీద, దేనికి అనేది తేల్చుకుని వెయ్యాలి.

అసలు చిక్కంతా పీఎన్ఆర్ దగ్గరే ఉంది. రాజమండ్రి నుంచి డల్లాస్ దాకా ఒకే టికెట్ మీద ఉంటే, మధ్యలో కంపెనీలు మారినా చట్టం దాన్ని ఒకే ప్రయాణంగా చూస్తుంది, 2009 నుంచి మన దగ్గర అమల్లో ఉన్న మాంట్రియల్ కన్వెన్షన్, అంటే విదేశీ విమాన ప్రయాణాల మీద దేశాల మధ్య ఒప్పందం, మొత్తానికీ వర్తిస్తుంది. లేటు వల్ల జరిగిన నష్టం కట్టాలి, మేం చెయ్యగలిగిందంతా చేశాం అని వాళ్లు రుజువు చేసుకుంటే తప్ప. మీవి రెండు టికెట్లు కాబట్టి రెండు ఒప్పందాలు. రెండో కంపెనీ తప్పేమీ లేదు, ప్యాసింజర్ టైంకి రాలేదు అంతే, వాళ్ల మీద వెయ్యకండి.

మొదటి కంపెనీ సంగతి వేరు. లేటైతే పది వేలు ఇస్తారు అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది నమ్మకండి, డీజీసీఏ (విమానాల మీద ప్రభుత్వ నియంత్రణ సంస్థ) రూల్‌లో ఆ నష్టపరిహారం లెక్క ఫ్లైట్ క్యాన్సిల్ చేసినప్పుడు, సీటు ఉండి కూడా ఎక్కనివ్వనప్పుడు. ఉత్త లేటుకి ఇంత అని డబ్బు రాసి లేదు. గంట ప్రయాణం ఉన్న మీలాంటి ఫ్లైట్ రెండు గంటలు దాటి లేటైతే తిండీ నీళ్లూ ఇవ్వాలి, ఆరు గంటలు దాటేట్టుంటే వేరే ఫ్లైట్ లేదా మొత్తం రీఫండ్ ఇవ్వాలి. మీది ఐదు. మరి అమ్మగారికి ఆ ఐదు గంటల్లో భోజనం పెట్టారా? ఇది అడిగి కాగితం మీద రాసి పెట్టుకోండి, పెట్టకపోతే అదే సేవాలోపం.

ఇక 94 వేల మాట. విడి టికెట్లకి మాకు బాధ్యత లేదు అని వాళ్ల షరతుల్లో ఉంటుంది, అదే చూపిస్తారు. దానికి ఎదురు నిలబెట్టాల్సింది సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు. ఒక కుటుంబం రైల్లో జమ్ము వెళ్లి అక్కడ శ్రీనగర్ ఫ్లైట్ ఎక్కాలి, పొద్దున 8:10కి రావాల్సిన రైలు 12కి వచ్చింది, ఫ్లైటూ 12కే, పోయింది. రైలు టికెట్ వేరు ఫ్లైట్ టికెట్ వేరు, అయినా ఆలస్యానికి కారణం రైల్వే చూపించలేకపోయింది కాబట్టి కట్టాల్సిందే అన్నారు. ట్యాక్సీ ఖర్చు, పోయిన బుకింగ్, మనోవేదన కలిపి 30 వేలు. మీ కేసుకి ప్రాణం ఇక్కడుంది. ఆపరేషనల్ రీజన్స్ అనే రెండు ముక్కలు కారణం కాదు, ఏమైందో వాళ్లే చెప్పాలి.

పొగమంచనో, ఏటీసీ (విమానాల ట్రాఫిక్ కంట్రోల్) అనుమతి రాలేదనో రుజువు చూపిస్తే మాత్రం కథ మారిపోతుంది. 2007 డిసెంబర్‌లో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఫ్లైట్ పొగమంచు వల్ల గంటల తరబడి ఆగిపోతే, ఆ ఆలస్యం సేవాలోపం కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. అదే తీర్పులో మనకి పనికొచ్చే మాట కూడా ఉంది, టికెట్ మీద ఢిల్లీ కోర్టులే అని రాసుకున్నంత మాత్రాన హైదరాబాద్‌లో కేసు వెయ్యకూడదు అనడం చెల్లదు అని. ఇప్పుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉన్న జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లోనే వెయ్యొచ్చు, టికెట్ డబ్బు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ప్రయాణం చేసింది అమ్మగారు కాబట్టి ఆవిడ పేరు మీద వెయ్యండి, డల్లాస్ నుంచి మీకు అధికారం రాసి సంతకం పెట్టి పంపిస్తే చాలు.

మొత్తం 94 వేలూ వస్తాయని నేను మాటివ్వను. కొంత వస్తుందని గట్టిగానే అనుకుంటున్నాను, ఎందుకంటే మీరు ఆరున్నర గంటలు వదిలారు, రెండు గంటలే పెట్టుకుని ఉంటే కమిషన్ మిమ్మల్నే తప్పుపట్టేది. ముందు కంపెనీకి ఈమెయిల్‌లో కారణం రాతపూర్వకంగా అడగండి, పదిహేను రోజులు చూసి లీగల్ నోటీస్ పంపండి. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్, రెండు టికెట్లు, బోర్డింగ్ పాస్, కొత్త టికెట్ రశీదు డిలీట్ అవ్వకుండా పక్కన పెట్టుకోండి.

ఇంకో రెండు విషయాలు, మీరు అడగలేదు గానీ. నో షో అయినా ఎయిర్‌పోర్ట్ ఫీజులు, ప్రభుత్వ పన్నులు తిరిగివ్వాలని డీజీసీఏ రూల్, విదేశీ కంపెనీ అయితే వాళ్ల దేశం రూల్స్ ప్రకారం ఇస్తారు, ఏదైనా రెండో కంపెనీకి అప్లై చెయ్యండి, ఏజెంట్ దగ్గర కొన్నా ఇప్పించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. రెండోది, అమ్మగారి రిటర్న్ టికెట్ ఆ పాత పీఎన్ఆర్‌లోనే ఉందా? వెళ్లే ఫ్లైట్ ఎక్కకపోతే చాలా కంపెనీలు వచ్చేది కూడా క్యాన్సిల్ చేసేస్తాయి. ఈరోజే ఫోన్ చేసి కనుక్కోండి, ఆవిడ తిరుగు ప్రయాణం రోజు అక్కడ కౌంటర్ దగ్గర తెలియకూడదు.