మాడ్యూల్ ఆన్ చేసినా స్టైల్స్ రాకపోతే: లైబ్రరీని అటాచ్ చేశారా?

డ్రూపల్‌లో (వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) మాడ్యూల్ ఆన్ చేసినా స్టైల్స్ రావట్లేదని అడిగారు. మీ లైబ్రరీ, అంటే ఒక పేరు కింద కట్టిన సీఎస్ఎస్ ఫైళ్లు, పేజీకి అటాచ్ కాలేదు, అసలు కారణం దాదాపు అదే. పొందూరు ఖద్దరు సైటుకీ, బొబ్బిలి వీణల సైటుకీ కలిపి ఒకే సీఎస్ఎస్‌ని (పేజీ రంగులూ, అక్షరాల తీరూ చెప్పే ఫైల్) డ్రూపల్ మాడ్యూల్‌గా, అంటే సైటుకి తగిలించే అదనపు భాగంగా చేశానన్నారు. ఎర్రర్ లేదు, రంగులూ మారలేదన్నారు. లైబ్రరీస్ డాట్ వైఎంఎల్‌లో రాస్తే ఆ లైబ్రరీ ఉందని డ్రూపల్‌కి తెలుస్తుంది, అంతే. ఎవరైనా అడిగితేనే అది పేజీలోకి వస్తుంది.

1. మాడ్యూల్ ఆన్ అయింది కాబట్టి ఇన్ఫో ఫైల్‌ని (మాడ్యూల్ గురించి డ్రూపల్‌కి చెప్పే ఫైల్) కదపకండి.

2. లైబ్రరీస్ ఫైల్లో సీఎస్ఎస్ కింద నేరుగా ఫైల్ పేరు పెట్టకూడదు. మధ్యలో కాంపోనెంట్ అనో థీమ్ అనో ఒక మెట్టు ఉండాలి. ఒక్కో మెట్టుకి 2 స్పేస్‌లు. ట్యాబ్ కొడితే వైఎంఎల్ ఒప్పుకోదు.

3. అందరూ మరిచేది ఇదే. డాట్ మాడ్యూల్ ఫైల్లో (మాడ్యూల్ పీహెచ్‌పీ కోడ్ ఉండేది) హుక్ పేజ్ అటాచ్‌మెంట్స్ ఫంక్షన్ రాయండి. హుక్ అంటే డ్రూపల్ తనంతట తాను పిలిచే ఫంక్షన్. పేరులో హుక్ బదులు మీ మాడ్యూల్ మెషీన్ నేమ్ (కోడ్‌లో వాడే పేరు) రావాలి. లోపల హ్యాష్ అటాచ్డ్‌లోని లైబ్రరీ జాబితాకి మెషీన్ నేమ్, స్లాష్, లైబ్రరీ పేరు చేర్చండి. ఖాళీ చదరపు బ్రాకెట్లతో చివర కలపాలి. జాబితా మొత్తానికి ఈక్వల్ టు పెడితే మిగతా మాడ్యూల్స్ అటాచ్ చేసినవి ఎగిరిపోతాయి.

4. కమాండ్ లైన్‌లో డ్రష్ సీఆర్ కొట్టండి, డ్రూపల్ దాచుకున్న పాత క్యాష్ పోతుంది.

ఈ హుక్ అడ్మిన్ పేజీలకీ వర్తిస్తుంది. అక్కడ వద్దనుకుంటే అడ్మిన్ కాంటెక్స్ట్ సర్వీస్‌తో రూట్ చూసి, అది అడ్మిన్ పేజీదైతే లైబ్రరీ చేర్చకుండా వదిలేయండి.

తెలుగు శీర్షికలకి లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 ఉంటే ఒత్తులు కింది వరుసకి తగులుతాయి. మాడ్యూల్ సీఎస్ఎస్‌లోనే 1.6 పెట్టేయండి, రెండు సైట్లకీ సరిపోతుంది.