నేసినవా, వడికినవా?

సందేహం: ఇంధన ఘటాల (ఫ్యూయల్ సెల్స్) గురించి రాసిన వ్యాసంలో ‘విద్యుత్ క్షేత్రం సాయంతో నాఫియాన్ అనే వాహక పాలిమర్‌ను నేసి తీసిన నానోదారాలు’ అన్నాను. ‘నేసి’ తప్పని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. ఏది సరైన ప్రయోగం?

సమాధానం: మీ మిత్రుని మాట సరైనదే. నేతకు పడుగూ పేకా కావాలి, అంటే పోగులు ముందే సిద్ధంగా ఉండాలి. ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో, అంటే మీరు చెప్పిన విద్యుత్ క్షేత్రపు పద్ధతిలో, జరిగేది ఆ పోగును పుట్టించే పని. సిరంజి సూది కొనన ఉన్న పాలిమర్ ద్రావణపు బొట్టుకు సాధారణంగా 10 నుంచి 30 కిలోవోల్టుల వోల్టేజి ఇచ్చినప్పుడు, ఆ బొట్టు బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జెఫ్రీ టేలర్ 1964లో విశ్లేషించిన శంకువు ఆకారానికి సాగి, దాని కొన నుంచి సన్నని ధార వెలువడి, కొరడాలా మెలికలు తిరుగుతూ మరింత సన్నబడి, దారిలో ద్రావణి ఆవిరైపోగా, ఎదుటి లోహపు పలక మీద పోగుగా పడుతుంది. అక్కడ ఏర్పడే పొరలో పోగులు క్రమం లేకుండా ఒకదానిపై ఒకటి పరచుకొని ఉంటాయే తప్ప అది నేసిన బట్ట కాదు.

కాబట్టి ‘వడికి’ అనండి. రాట్నం మీద పత్తి పీచులను కలిపి పట్టి ఉంచేది పురి కదా, ఇక్కడ పురి ఏదీ అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆక్షేపణలో పస ఉన్నా, పోగు తీయడమనే ప్రధానార్థం చెడలేదు గనుక ఈ విస్తరణ నాకు సమ్మతమే. అయితే పురి లేని ఒంటి పోగును ‘దారం’ అనడం మాత్రం నాకు రుచించదు; ‘నానోపోగు’ చాలు.

మీ వాక్యంలో మరి రెండు సవరణలు అవసరం. పాలిఅనిలీన్ వంటి వాహక పాలిమర్లు ఎలక్ట్రాన్లను ప్రసరింపజేస్తాయి. నాఫియాన్ తేమగా ఉన్నప్పుడు తనలోని సల్ఫోనిక్ ఆమ్ల సమూహాల ద్వారా ప్రోటాన్లను ప్రసరింపజేస్తుంది. ఉత్త ‘వాహక పాలిమర్’ అంటే ఈ భేదం తెలియదు. పైగా నీరు, ఆల్కహాలు కలిసిన ద్రవంలో నాఫియాన్ అణువుల గొలుసులు గుంపులుగా ముడుచుకొని, ఒకదానితో ఒకటి తగినంతగా పెనవేసుకోవు. అందువల్ల నాఫియాన్‌ను మాత్రమే వడకబోతే ధార తెగి తుంపరలవుతుంది. అందుకే అధిక అణుభారం గల పాలిఇథిలీన్ ఆక్సైడ్ వంటి పాలిమర్‌ను కొద్దిగా కలుపుతారు. వాక్యంలోని కర్మపదం ఆ సంగతి చెప్పాలి. ‘ప్రోటాన్ వాహకమైన నాఫియాన్‌కు కొద్దిగా పాలిఇథిలీన్ ఆక్సైడ్ కలిపి, విద్యుత్ క్షేత్రంలో వడికిన నానోపోగులు’ అని రాయండి.