చైనా సూదుల వైద్యంతో పీటీఎస్‌డీ తగ్గుతుందా? నా అనుభవం

మీ వారికి కారు యాక్సిడెంట్ అయి ఏడాది దాటినా రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారని, స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని రాశారు. పెద్ద ప్రమాదం తర్వాత ఇలా వదలకుండా పట్టుకునే భయాన్నే పీటీఎస్‌డీ అంటారు. మాత్రలు మానేసి చైనా వైద్యానికి వెళ్తానంటున్నారు, పంపించమంటారా అని అడిగారు. పంపించండి. మాత్రలు మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఆపనివ్వకండి. ఆ తప్పు నేను చేశాను. సెర్ట్రలీన్ అనే డిప్రెషన్ మాత్ర ఒక్కసారిగా మానేసి, వారం రోజులు తల తిరిగి, ఇంట్లో అందరి మీదా అరిచి, మళ్లీ మొదలుపెట్టాను.

నాది ఫ్రీమాంట్ దగ్గర 880 హైవే. వాన, రాత్రి తొమ్మిదిన్నర, వెనక నుంచి ట్రక్కు. రెండు పక్కటెముకలు చిట్లాయి, ఆరు వారాల్లో అతుక్కున్నాయి. వదలనిదల్లా ఎయిర్‌బ్యాగ్ వాసన. అచ్చం కాలిపోయిన చిచ్చుబుడ్డి వాసనండీ. ఆ ఏడు దీపావళికి పిల్లలు బయట కాకరపువ్వొత్తులు వెలిగిస్తే నేను బాత్రూంలో తలుపేసుకుని కూర్చున్నాను.

ఓక్లాండ్ చైనాటౌన్‌లో లైసెన్సున్న ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) ఆవిడ దగ్గరికి మా ఆవిడే లాక్కెళ్లింది. ఆ వైద్యురాలు నా నాడి మూడు వేళ్లతో, రెండు చేతులదీ చాలాసేపు చూసింది. నాలుక చాపమంది. తర్వాత చెప్పిందేమిటంటే, మనసులోని ఎరుక, వాళ్ల మాటలో 'షెన్', గుండెలో కాపురముంటుందట. హఠాత్తుగా జడుసుకుంటే ఒంట్లోని 'చీ', అంటే ప్రాణశక్తి, చెదిరిపోతుంది, భయం పట్టుకుంటే కిందికి దిగిపోతుంది, భయానికి చోటు మూత్రపిండాలు. రెండువేల ఏళ్ల కిందటి వాళ్ల వైద్య గ్రంథంలోనే ఈ మాట ఉంది. నాకు నవ్వొచ్చింది. మా నాయనమ్మ చెప్పిందీ అదేగా! "పిల్లాడు జడుసుకున్నాడు, గుండె జారిపోయింది" అని తాయెత్తు కట్టించేది. ఇదంతా నిజమని నేననను. కానీ "నీకు పిచ్చి కాదు, ఒళ్లు జడుసుకుంది" అన్న మాట ఆ రోజు నాకు చాలా ఆసరా అయింది.

బల్ల మీద బోర్లా పడుకోమంటే నావల్ల కాలేదు. తలుపు కనబడకపోతే ఊపిరాడదు నాకు. ఆవిడ ఏమీ అనకుండా నన్ను వాలుకుర్చీలో తలుపుకెదురుగా కూర్చోబెట్టి, ఒక్కో చెవికి అయిదేసి సూదులు పెట్టింది. వెంట్రుకంత సన్నవి. చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది, కాసేపటికి చెవి వేడెక్కుతుంది. ఈ అయిదు సూదుల పద్ధతి న్యూయార్క్ బ్రాంక్స్‌లోని లింకన్ ఆసుపత్రిలో 1970ల్లో మత్తుమందులకు బానిసలైనవాళ్ల కోసం మొదలైంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అదే నగరంలో భయపడిపోయినవాళ్లకూ వాడారు. ఇంకో తమాషా, చెవి పటం గీసింది ఫ్రాన్స్ డాక్టరు పాల్ నోజియే, 1950ల్లో. అది చూసి చైనావాళ్లు తమ వైద్యంలో కలుపుకున్నారు. అంచేత "అయిదు వేల ఏళ్ల చైనా రహస్యం" అని ఎవరైనా ఊదరగొడితే కొంచెం తగ్గించి వినండి.

మూడోసారి వెళ్లినప్పుడు కుర్చీలోనే గురకపెట్టానట. నాలుగైదు వారాలకి రాత్రి నాలుగు గంటలు ఏకబిగిన పడుకోగలిగాను. పీడకలలు పోలేదు, తెల్లవారుజామున మూడింటికి వచ్చేవి అయిదింటికి వచ్చేవి. అదే మహాభాగ్యమనిపించింది.

ఇది నా భ్రమేనా అని అప్పట్లో తెగ చదివాను. మైకేల్ హాలిఫీల్డ్ అనే అమెరికా సైకియాట్రిస్టు బృందం 2007లో ఆక్యుపంక్చర్‌నీ బృంద కౌన్సెలింగ్‌నీ పోల్చి చూస్తే రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. అదే బృందం 2024లో 93 మంది మాజీ సైనికుల మీద అసలు సూదులకీ ఉత్తుత్తి సూదులకీ పోటీ పెట్టింది. ఉత్తుత్తివాటితోనూ కొంత తగ్గింది, అసలువాటితో ఎక్కువ తగ్గింది. అయినా అమెరికా మాజీ సైనికుల శాఖవారి 2023 మార్గదర్శకాలు ఆక్యుపంక్చర్‌కి ఆధారాలు చాలవన్నాయి. వాళ్లు ముందు వరసలో పెట్టింది మాటల చికిత్సల్నే.

కషాయం కథ వేరు. ఆవిడ ఇచ్చిన పొట్లంలో ఆల్చిప్ప పొడి, 'డ్రాగన్ ఎముక' అని పిలిచే పాతకాలపు జంతువుల శిలాజం ఉన్నాయి. ముందు వాటినే అరగంట మరిగించాలట. మాది గుడ్డు కూడా రాని వంటిల్లు, మా ఆవిడ గిన్నె ఇవ్వనంది! గ్యారేజీలో కరెంటు పొయ్యి పెట్టుకునేలోపు, సరుకుల జాబితా సైకియాట్రిస్టుకి చూపించాను. నా మాత్రతో కలిస్తే ఏమవుతుందో చెప్పలేను, వద్దన్నాడు. ఆ కషాయం పాత కూర్పులో సీసం కూడా ఉండేదట, ఇప్పుడు తీసేశారు. మనసు నెమ్మదించడానికని పాతకాలంలో ఇంగిలీకం, అంటే పాదరసం ఉన్న సరుకు, కూడా వాడేవాళ్లు. కాబట్టి ఆన్‌లైన్‌లో దొరికే పొడులు తెప్పించకండి. సూదులకైతే లైసెన్సు చూడండి, సీలు మీ ఎదురుగానే విప్పాలి. మీ వారు రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

ఇక నన్ను మళ్లీ కారెక్కించింది సూదులు కాదు. నిద్ర పట్టాక ఓపిక వచ్చి, అంతకుముందు రెండు వారాలకే పారిపోయిన ఎక్స్‌పోజర్ థెరపీకి మళ్లీ వెళ్లాను. కళ్లు మూసుకుని ఆ రాత్రి జరిగింది మొదట్నించీ చెప్పాలి, రికార్డు చేసుకుని ఇంటికెళ్లి రోజూ వినాలి. ఇంగ్లీషులో చెప్తుంటే వార్తలు చదువుతున్నట్టుండేది. నాలుగో వారం థెరపిస్టు, "మీ భాషలో చెప్పండి, నాకర్థం కాకపోయినా ఫర్వాలేదు" అంది. "ఓలమ్మో" అన్నాను. ట్రక్కు గుద్దినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట అదేనని అంతవరకూ గుర్తే లేదు. ఆ గదిలో గంటన్నర ఏడ్చాను.

మీ వారు మాటల చికిత్సకి ఇప్పుడే ఒప్పుకోకపోతే సూదులతోనే మొదలుపెట్టించండి, ఎనిమిది పదిసార్లు చూడండి. బతకాలని లేదన్నట్టు మాట్లాడితే మాత్రం వాటికోసం ఆగొద్దు. అమెరికాలో 988కి, ఇండియాలో అయితే టెలీ మానస్ 14416కి ఆ క్షణమే ఫోన్ చేయండి, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. కుర్చీ తలుపుకెదురుగా వేయమని అడగండి.