టెక్ సందేహాలు: నాబ్ తిప్పినా గేజ్ ముల్లు కదలదేం?

సిమ్యులింక్‌లో (బ్లాకులు కలిపి యంత్రాల పనితీరును కంప్యూటర్‌లో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) డీసీ మోటార్ మోడల్ చేశాను. నిరోధం (ఆర్) 1 ఓమ్, ఇండక్టెన్స్ (ఎల్) 0.5 హెన్రీ, మోటార్ స్థిరాంకం (కె) 0.01, జడత్వం (జె) 0.01, ఘర్షణ (బి) 0.1. డ్యాష్‌బోర్డ్ లైబ్రరీ నుంచి నాబ్ (విలువ మార్చే మీట), గేజ్ (విలువ చూపే ముల్లు మీటరు) తెచ్చి పెట్టాను. వైర్ కలుపుదామంటే వాటికి పోర్టులే లేవు. రన్ నొక్కితే రెప్పపాటులో అయిపోతోంది. గేజ్ ముల్లు సున్నా దగ్గరే ఉంటోంది. తప్పెక్కడ?
– ఈఈఈ విద్యార్థిని, కాకినాడ

డ్యాష్‌బోర్డ్ బ్లాకులకు వైర్లు ఉండవు. నాబ్ మీద డబుల్ క్లిక్ చేసి, ఆ విండో తెరిచి ఉండగానే వోల్టేజీ ఇచ్చే కాన్‌స్టంట్ (స్థిర విలువ) బ్లాకును క్లిక్ చేయండి. విండోలోని పట్టికలో దాని వాల్యూ కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని అప్లై కొట్టండి. గేజ్‌కైతే బ్లాకును కాకుండా వేగం వెళ్లే గీతను క్లిక్ చేయాలి.

పట్టికలో మీకు కావాల్సిన పేరు రాకపోతే ముందు కంట్రోల్, డి కలిపి నొక్కి మోడల్‌ను అప్‌డేట్ చేయండి. వర్క్‌స్పేస్ వేరియబుల్స్ (మీరు పేరు పెట్టి దాచిన విలువలు) ఆ తర్వాతే కనిపిస్తాయి. గేజ్ ఒకసారికి ఒక్క విలువనే చూపగలదు. కరెంటు, వేగం రెండూ ఒకే గీతలో కలిసి (వెక్టర్‌గా) వస్తుంటే డీమక్స్ బ్లాకుతో విడదీయండి. ఆ గీతకు సిగ్నల్ లాగింగ్ (విలువల నమోదు) ఆపేస్తే గేజ్‌కు డేటా రావడం ఆగిపోతుంది, మళ్లీ కలపాల్సిందే.

ఇలా కలిపాక కూడా మీ విషయంలో ఇంకో చిక్కు స్కేలులో ఉంది. మీరిచ్చిన విలువలతో లెక్కేస్తే 1 వోల్టుకు స్థిర వేగం సెకనుకు సుమారు 0.1 రేడియన్. 12 వోల్టులిచ్చినా 1.2 దాటదు. గేజ్ మామూలుగా 0 నుంచి 100 స్కేలుతో వస్తుంది. అందులో 1.2 అంటే ముల్లు కదిలినట్టే తెలియదు. గేజ్ గరిష్ఠం 1.5, టిక్ ఇంటర్వల్ 0.25 పెట్టండి. ఆర్‌పీఎంలో చూడాలంటే మధ్యలో 9.55తో గుణించే గెయిన్ బ్లాక్ వేసి, ఆ బ్లాక్ నుంచి వచ్చే గీతకు గేజ్ కలిపి, స్కేలు 0–15 చేయండి. నాబ్ కూడా 0–100తోనే వస్తుంది, దాన్ని 0–12కు దించండి.

ఇక వేగంగా అయిపోవడం. స్టాప్ టైమ్ 10 అంటే మోడల్ లోపలి 10 సెకన్లు, మన గడియారంతో దానికి పని లేదు. ఇంత చిన్న మోడల్‌ను కంప్యూటర్ క్షణంలో లెక్కకట్టేస్తుంది. స్టాప్ టైమ్‌లో ఇన్ఫ్ (inf, అంటే అంతం లేకుండా) అని రాసి, రన్ బటన్ కింది బాణంలో సిమ్యులేషన్ పేసింగ్ తెరిచి, టిక్ పెట్టి 1 (గడియారపు ఒక సెకనుకు మోడల్‌లో ఒక సెకను) ఉంచండి. ఇప్పుడు నాబ్ తిప్పితే ముల్లు సుమారు 2 సెకన్లలో కుదురుకోవడం కంటికి కనిపిస్తుంది. ఇంకా నెమ్మదిగా చూడాలంటే 0.5 చేయండి. ముల్లు గెంతుతూ పోతుంటే మోడల్ సెట్టింగ్స్, సాల్వర్‌లో (లెక్క చేసే భాగం) మ్యాక్స్ స్టెప్ సైజ్ 0.02 ఇవ్వండి. ఆటో మీద వదిలేస్తే సాల్వర్ పెద్ద పెద్ద అంగలు వేస్తుంది.

ఒక్క జాగ్రత్త. నాబ్ తిప్పినప్పుడల్లా కాన్‌స్టంట్ బ్లాకులోని విలువే మారిపోతుంది. సేవ్ చేస్తే చివరిగా తిప్పిన విలువే ఫైల్లో ఉండిపోతుంది. పైగా చేత్తో తిప్పిన తీరు రెండోసారి అచ్చం అలాగే రాదు. ల్యాబ్ రికార్డులో పెట్టే గ్రాఫ్‌కు నాబ్ వద్దు, నిర్ణీత సమయంలో విలువను ఒక్కసారిగా మార్చే స్టెప్ బ్లాక్ వాడండి. నాబ్‌తోనే చూపాలనుకుంటే వోల్టేజీ గీతను కూడా లాగ్ చేయండి. అప్పుడే వేగం ఎందుకు మారిందో గ్రాఫ్ చూసినవారికి తెలుస్తుంది.

సిమ్యులింక్ మోటార్ మోడల్‌లో వేగం 1.1 దాటితే డ్యాష్‌బోర్డ్ ల్యాంప్ ఎర్రగా వెలగాలి. స్టేట్‌లో 1.1 ఇచ్చాను, వెలగడం లేదు.
– పాఠకుడు, వరంగల్

ల్యాంప్ మామూలుగా మీరిచ్చిన విలువ సరిగ్గా అంతే వచ్చినప్పుడే రంగు మారుస్తుంది. మారుతూ పోయే వేగం అచ్చం 1.1 దగ్గర దొరకడం దాదాపు జరగదు. మధ్యలో కంపేర్ టు కాన్‌స్టంట్ బ్లాకు (వేగం 1.1 దాటితే 1, లేకపోతే 0 ఇస్తుంది) వేసి, ల్యాంప్‌లో 0కు ఆకుపచ్చ, 1కి ఎరుపు ఇవ్వండి. హద్దు దగ్గర దీపం టపటపా కొట్టుకుంటుంటే ఆ బ్లాకు స్థానంలో రిలే పెట్టండి. ఆన్ పాయింట్ 1.1, ఆఫ్ పాయింట్ 1.0 చాలు.

నెట్‌లోగోలో (సిమ్యులేషన్ మోడళ్లు రాసే సాఫ్ట్‌వేర్) స్లైడర్ కదిపినా ప్లాట్ గీత ముందుకు పోవడం లేదు.
– ఎమ్మెస్సీ విద్యార్థి, తిరుపతి

ప్లాట్ కదిలేది టిక్ (మోడల్ గడియారంలో ఒక అడుగు) పడినప్పుడే. కోడ్‌లో సెటప్ చివర రీసెట్-టిక్స్, గో చివర టిక్ అనే ఆదేశాలు ఉన్నాయేమో చూడండి. గో బటన్ సెట్టింగ్‌లో ఫరెవర్ ఎంచుకోకపోతే ఒక్క అడుగు వేసి ఆగిపోతుంది. స్లైడర్ పేరును కోడ్‌లోని గ్లోబల్స్ (వేరియబుల్స్ ప్రకటించే చోటు)లో మళ్లీ రాయకండి, ఎర్రర్ వస్తుంది. క్లియర్-ఆల్ ఆదేశం స్లైడర్లను మొదటి విలువకు తేదు. నిన్న కదిపి సేవ్ చేసిన స్లైడర్ ఇవాళా అక్కడే ఉంటుంది. కాబట్టి రన్ చేసేముందు స్లైడర్లన్నీ ఒకసారి చూసుకోండి.