ఇంట్లో కట్టిన విమానం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బైక్ మెకానిక్‌ని సార్. ప్లాన్లు తెప్పించుకుని షెడ్డులో ఒక్క సీటు విమానం కడుతున్నా. రెక్కలకు గుడ్డ వేయడం ఒక్కటే మిగిలింది. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ బాగా అలవాటైంది. ఖాళీ పొలంలో పదడుగుల ఎత్తున గెంతిస్తూ మెల్లగా నాకు నేనే నేర్చుకోవచ్చా?
(చంద్రగిరి పాఠకుడు)

జవాబు: వద్దు. మీ పనితనం మీద అనుమానంతో చెప్పే మాట కాదిది. చూడ్డానికి సులువుగా కనిపించే ఆ గెంతే అన్నిటికంటే కష్టం. తేలిక విమానానికి బరువు తక్కువ, తీగలూ స్ట్రట్లూ (రెక్కకు ఊతమిచ్చే కడ్డీలు) గాలికి అడ్డం పడేది ఎక్కువ. థ్రాటిల్ (ఇంజన్ బలం పెంచే, తగ్గించే మీట) మూసిన మరుక్షణం బురదలో దిగిన బండిలా వేగం చచ్చిపోతుంది. పదడుగుల మీద కంగారుపడి థ్రాటిల్ మూస్తారు, చెయ్యి దానంతటదే స్టిక్‌ను (ముక్కును ఎత్తే, దించే కర్రను) వెనక్కి లాగుతుంది. ముక్కు లేస్తుంది, ఒక రెక్క ముందుగా స్టాల్ అయి, అంటే గాలి పట్టు తప్పి మోసే బలం పోయి, నేలను కొడుతుంది. ముక్కు దించి వేగం తెచ్చుకోవడానికి అక్కడ ఎత్తే ఉండదు.

స్టాల్‌కు ముందు స్టిక్ మెత్తబడుతుంది, గాలి చప్పుడు తగ్గుతుంది, చాలా విమానాల్లో తోక సన్నగా వణుకుతుంది. ఇవి సీటుకీ అరచేతికీ తెలియాలి. సిమ్యులేటర్ నేర్పలేనిది ఇదే.

జంట కంట్రోళ్లున్న రెండు సీట్ల మైక్రోలైట్‌లో (చిన్న తేలిక విమానంలో) ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని నేర్చుకోండి, అందుకోసం వేరే ఊళ్లో ఉండాల్సి వచ్చినా సరే. మీ విమానం మూడో చక్రం తోక కింద ఉండే రకమైతే శిక్షణ కూడా అలాంటి తోకచక్రం విమానం మీదే కావాలి, లేకపోతే దిగాక నేలమీద గిర్రున తిరిగి రెక్క విరుగుతుంది. ఇంజన్ రెక్క పైన, ఫ్యాను వెనక్కి ఉన్న రకమైతే థ్రాటిల్ పెంచినప్పుడు ముక్కు దిగుతుంది, తగ్గిస్తే లేస్తుంది. మామూలు విమానంలో నేర్చినవాళ్లను ఇది మోసం చేస్తుంది.

మన దేశంలో స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు కనీసం 16 ఏళ్లు, ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు, 40 గంటల ఎగురుడు, క్లాస్ 2 మెడికల్ (వైద్య పరీక్ష సర్టిఫికెట్) ఉండాలి. అమెరికాలో ఖాళీ బరువు 115 కిలోల లోపున్న ఒక్క సీటు యంత్రానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. ఆ వీడియోలు చూసి మనకూ అంతే అనుకోకండి. ఇక్కడ డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్, ఎగరడానికి అనుమతి లేకుండా చక్రం నేల విడవకూడదు. పైగా రేణిగుంట విమానాశ్రయం మీకు దగ్గర, అక్కడి ఆకాశం ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ కేంద్రం) అదుపులో ఉంటుంది.

ఇన్‌స్ట్రక్టర్‌ను పట్టుబట్టి అడగాల్సింది ఒకటుంది: లేచిన వెంటనే ఇంజన్ ఆగితే ఏం చేయాలి? 200 అడుగుల మీద ఆగిందనుకోండి. వెనక్కి తిప్పి రన్‌వే చేరాలంటే 180 డిగ్రీలు చాలవు, రన్‌వే గీత మీదికి రావడానికి 210 దాకా తిరగాలి. రెక్కలు సమంగా ఉంచి ఎగిరేటప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగం దగ్గర స్టాల్ అయ్యే రెక్క, 45 డిగ్రీలు వాల్చి తిప్పితే 71 దగ్గరే స్టాల్ అవుతుంది. 60 డిగ్రీలు వాలిస్తే 85కి. ఇంజన్ లేకుండా మీరు కిందికి జారుతున్నది 80లో. లెక్క మీకే అర్థమవుతుంది. అందుకే ముందు ముక్కు దించాలి, ఆ తర్వాత ఎదురుగా అటూ ఇటూ 30 డిగ్రీల లోపు దొరికిన చోట దిగాలి. మన వైపు వేరుశనగ చేను మంచిది, సాలు వెంబడే దిగండి. చెరకు తోట, మామిడి తోపు వద్దు. ఎండిన చెరువు పైనుంచి చదునుగా కనిపిస్తుంది గానీ మట్టి తవ్విన గుంతలుంటాయి. కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాల వరస చూసి గుర్తుపట్టాలి.

ఇక మీ విమానం మొదటిసారి లేచేటప్పుడు అందులో మీరు కాక, అలాంటి యంత్రం నడిపిన అనుభవజ్ఞుడు కూర్చోవడం మేలు.

ప్రశ్న: మా విమానం ఇంజన్ రోటాక్స్ 912, 80 హార్స్‌పవర్. బంకు పెట్రోలు పోయొచ్చా?
(పలమనేరు పాఠకుడు)

జవాబు: ఈ ఇంజన్‌కు రోటాక్స్ ఒప్పుకున్నది 10 శాతం ఎథనాల్ దాకానే. మన బంకుల్లో ఇప్పుడు మామూలుగా దొరికేది 20 శాతం కలిసినది. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులో నిలవుండి నీరు మించిపోతే రెండూ కలిసి అడుగున విడిపోతాయి, ఇంజన్‌కు అందేది ఆ అడుగు నీళ్లే. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి, లోపలి పొర ఊడి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది.

పెట్రోలు కొన్న ప్రతిసారీ పరీక్షించండి. 100 మిల్లీలీటర్ల గీతలున్న గాజు గొట్టంలో 10 గీత దాకా నీళ్లు పోసి, ఒక చుక్క నీలం ఇంకు వేయండి. పైన 100 దాకా పెట్రోలు నింపి, మూత బిగించి ఒక నిమిషం ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీలం గీత 10 దగ్గరే ఆగితే ఎథనాల్ లేనట్టు. 19 దగ్గరికొస్తే 10 శాతం, 28 దాకా ఎక్కితే 20 శాతం. చల్లని, ఆరుబయట చోట చేయండి, సిగరెట్టు, స్టవ్ దగ్గర వద్దు.

ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) పోయొచ్చు, కానీ అందులో సీసం ఉంటుంది. ఎక్కువగా దానిమీదే నడిపితే ఆయిల్ 25 గంటలకోసారి మార్చాలి. వేసవిలో పైపుల్లో పెట్రోలు ఆవిరై సరఫరా తెగకుండా ట్యాంకుకు రిటర్న్ పైపు ఉండాలి.

ప్రశ్న: ముందు జాగా చాలక 7 కిలోల బ్యాటరీని తోక వైపు మార్చాను. ఫర్వాలేదా?
(శ్రీకాళహస్తి పాఠకుడు)

జవాబు: మళ్లీ తూచకుండా ఎగరకండి. బ్యాటరీ రెండున్నర మీటర్లు వెనక్కి జరిగి, విమానం మొత్తం బరువు 350 కిలోలైతే, 7ను 2.5తో గుణించి 350తో భాగించండి: బరువు కేంద్రం 5 సెంటీమీటర్లు వెనక్కి పోయింది. తేలిక విమానాల్లో బరువు కేంద్రం ముందుకీ వెనక్కీ జరగడానికి అనుమతించే మొత్తం పరిధి చాలాసార్లు 15 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. ముక్కు బరువైతే దిగడం కష్టం, తోక బరువైతే స్టాల్ నుంచి బయటపడటమే కష్టం. మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి, విమానం ఎగిరే భంగిమలో సమంగా ఉంచి, పైలట్‌తో, పెట్రోలు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి లెక్క కట్టండి.

ప్రశ్న: మేలో మధ్యాహ్నం విమానం లేవడానికి పరుగు ఎందుకు ఎక్కువ పడుతుంది?
(రేణిగుంట పాఠకుడు)

జవాబు: రేణిగుంట రన్‌వే సముద్ర మట్టానికి సుమారు 350 అడుగులే. కానీ 42 డిగ్రీల ఎండలో పలచబడ్డ గాలి, రెక్కకూ ఇంజన్‌కూ 3,700 అడుగుల ఎత్తున ఉన్నట్టే. సముద్ర మట్టాన 15 డిగ్రీల చల్లగాలితో పోలిస్తే ఇంజన్ బలం పదో వంతు పైగా తగ్గుతుంది, పరుగు మూడో వంతు పైగా పెరుగుతుంది. ఆ చల్లగాలిలో 250 మీటర్లలో లేచే విమానానికి మే మధ్యాహ్నం 340 దాకా కావాలి. గడ్డి రన్‌వే అయితే ఇంకా ఎక్కువ.