చిరుత మలం నుంచి డీఎన్ఏ: జన్యు భాగం వదిలేయకండి

చిరుతల మలం నుంచి తీసిన డీఎన్ఏతో జాతి తెలుస్తోంది కానీ ఏది ఏ చిరుతదో తేలట్లేదు, పీహెచ్‌డీలో జన్యు భాగం మానేయనా అని అడిగారు. మానొద్దండి. జాతిని చెప్పే మైటోకాండ్రియా డీఎన్ఏ ఒక్కో కణంలో వందల కాపీలుంటుంది కాబట్టి దొరుకుతుంది, ఏ చిరుతో చెప్పే కేంద్రక డీఎన్ఏ రెండే కాపీలు, ఎండకీ వానకీ ముక్కలైపోతుంది. తాజా మలం పైన మెరిసే జిగురులోనే పేగు కణాలు ఎక్కువ, లోపల చాలావరకు తిన్న జంతువు వెంట్రుకలూ ఎముకలే, అందుకే పైపొరనే స్వాబ్‌తో తుడిచి భద్రం చేయండి. పొట్టి మార్కర్లు (చిరుతల్ని వేరుచేసి గుర్తించడానికి చూసే డీఎన్ఏ ముక్కలు) ఎంచుకోండి. డీఎన్ఏని పలచన చేసి కూడా పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు పెంచే పద్ధతి) పెట్టి చూడండి, అప్పుడు పనిచేస్తే అడ్డుపడుతున్నవి మలంలోని రసాయనాలే. ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని మాత్రం అస్సలు నమ్మొద్దు, ఒక అల్లీల్ (మార్కర్‌కి తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన రూపం) ఫలితంలో కనపడకుండా జారిపోతే ఒకే చిరుత రెండుగా లెక్కలోకి వస్తుంది. ప్రతి నమూనానీ పలుమార్లు నడపండి.