లైట్‌షిప్ అంటే ఏమిటి? పెద్ద ప్రయాణికుల ఓడలతో దానికి సంబంధం ఏమిటి?

లైట్‌హౌస్ కట్టడానికి వీల్లేని చోట, నడిసముద్రంలో లంగరేసి నిలబెట్టే దీపపు ఓడే లైట్‌షిప్. అమెరికా తూర్పు తీరానికి దూరంగా, ఇసుక మేటల దగ్గర 1983 దాకా ఉన్న నాన్‌టకెట్ లైట్‌షిప్ వీటిలో బాగా పేరున్నది. యూరప్ నుంచి న్యూయార్క్ వెళ్లే లైనర్లకు, అంటే పెద్ద ప్రయాణికుల ఓడలకు, అదే గుర్తుగా ఉండేది.

పొగమంచులో దీపం కనపడదు కదా, అందుకని రేడియో సంకేతం కూడా పంపేవారు. లైనర్లు ఆ సంకేతం వైపే నేరుగా వచ్చి, దగ్గర పడ్డాక పక్కకు తిరిగేవి. ఆలోచిస్తేనే టెన్షన్! 1934 మే 15న టైటానిక్‌కు అక్క లాంటి ఒలింపిక్ అనే లైనర్ అలాగే వస్తూ, అప్పుడు నాన్‌టకెట్ దగ్గరున్న ఎల్‌వి-117 అనే లైట్‌షిప్‌ను గుద్ది ముంచేసింది. అందులో ఉన్న 11 మందిలో ఏడుగురు చనిపోయారు. దారి చూపే ఓడ మీదకే ఎక్కేసిందన్నమాట.

పరిహారంగా వచ్చిన డబ్బుతో 1936లో దాని బదులు ఎల్‌వి-112 అనే కొత్త లైట్‌షిప్ కట్టారు. అది 1975 దాకా పనిచేసింది, ఇప్పుడు బోస్టన్ రేవులో మ్యూజియంగా ఉంది. ఒలింపిక్ మాత్రం 1935లోనే సర్వీసు మానేసి తుక్కుకి పోయింది.